ప్రైమ్95 హీటర్ కాదు, లెక్క: కర్నూలు ఎండలో లాప్‌టాప్‌కి పెట్టాల్సిన అసలు పరీక్ష

ఏ లాప్‌టాప్ రివ్యూ తీసుకున్నా చివర్లో ఒక గ్రాఫ్ ఉంటుంది. ప్రైమ్95 స్ట్రెస్ టెస్ట్, అరగంట. సీపీయూ ఇన్ని డిగ్రీలకు వెళ్లింది, క్లాక్ స్పీడ్ ఇంతకు పడిపోయింది, ఫ్యాన్ ఇంత మోత మోగింది. అంతే. ఆ అరగంటలో ప్రైమ్95 వేసిన లెక్కకి జవాబు కరెక్టుగా వచ్చిందా లేదా అని రాసిన రివ్యూ మాత్రం నాకు ఎక్కడా కనపడలేదు. టెస్ట్ చేసిన రూములో ఎంత వేడి ఉందో రాసేవాళ్లూ తక్కువే. రాసినా 24 డిగ్రీలో 25 డిగ్రీలో. అంటే ఏసీ రూము.

మన కర్నూలు, నంద్యాల, కడపల్లో ఏప్రిల్, మే నెలల్లో బయట 42, 43 డిగ్రీలు వార్తే కాదు. మిద్దె మీద పొద్దంతా ఎండ పడితే రాత్రి పది దాటినా రూములో గోడలు వేడిగానే ఉంటాయి. ఆ రూములో, సీలింగ్ ఫ్యాన్ కింద, ఒక డిగ్రీ స్టూడెంట్ లాప్‌టాప్ తెరిచి ప్రాజెక్ట్ చేసుకుంటుంటాడు. ఏసీ రూములో తీసిన గ్రాఫ్ అతనికి ఏం చెబుతుంది? నా మాట: మనకు కావాల్సింది ఎన్ని డిగ్రీలు అన్న గ్రాఫ్ కాదు. ఆ వేడిలో మెషిన్ లెక్క తప్పుతుందా లేదా అన్న ఒక్క జవాబు. ప్రైమ్95 ఆ జవాబు ఇస్తుంది, మనమే దాన్ని హీటర్‌లాగా వాడి వదిలేస్తున్నాం.

ఎందుకిస్తుందో తెలియాలంటే కాస్త లెక్కల్లోకి దిగాలి. భయపడకండి, ఎనిమిదో తరగతి లెక్కలే.

ప్రైమ్95 పుట్టింది లాప్‌టాప్‌లను వేడెక్కించడానికి కాదు. 1996లో జార్జ్ వోల్ట్‌మన్ అనే ప్రోగ్రామర్ మొదలుపెట్టిన జింప్స్ ప్రాజెక్టు కోసం. ప్రపంచంలో ఎవరైనా సరే తమ కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు దాన్ని పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యలు వెతకడానికి ఇవ్వొచ్చు. ఇప్పటిదాకా మనకు తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య కూడా ఇదే ప్రాజెక్టులో 2024 అక్టోబరులో దొరికింది: 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1. అంటే రెండుని 13,62,79,841 సార్లు వేసి గుణించి, ఒకటి తీసేయడం. రాస్తే 4,10,24,320 అంకెలు వస్తాయి. నాలుగు కోట్ల పది లక్షల అంకెలు! టెక్స్ట్ ఫైల్‌లో పెడితే 41 ఎంబీ.

కనిపెట్టినాయన లూక్ డ్యురాంట్, అంతకు ముందు ఎన్విడియాలో పనిచేసిన ఇంజనీరు. ఐర్లాండ్‌లోని డబ్లిన్‌లో ఉన్న ఒక ఏ100 జీపీయూ అక్టోబరు 11న 'ఇది ప్రధాన సంఖ్యలాగే ఉంది' అంది. మర్నాడు అమెరికాలో టెక్సాస్‌లో ఉన్న ఒక హెచ్100 అవునని తేల్చింది. 28 ఏళ్లుగా జింప్స్‌లో ఈ రికార్డులన్నీ మామూలు పీసీ సీపీయూలవే, జీపీయూ కొట్టడం ఇదే మొదటిసారి. ఇదొక ముచ్చట.

ఇలా 2ᵖ − 1 రూపంలో ఉండే ప్రధాన సంఖ్యలను మెర్సెన్ ప్రధాన సంఖ్యలు అంటారు. ఇప్పటికి దొరికినవి 52. పైనున్న ఘాతాంకం p కూడా ప్రధాన సంఖ్య అయి తీరాలి, కానీ అది ఒక్కటే చాలదు. 11 ప్రధాన సంఖ్యే, కానీ 2¹¹ − 1 అంటే 2047, అది 23 × 89. అందుకే ప్రతిదాన్నీ విడిగా పరీక్షించాలి.

ఈ సంఖ్యల అందం బైనరీలో చూడాలి. 2³ − 1 అంటే 7, బైనరీలో 111. 2⁷ − 1 అంటే 127, బైనరీలో 1111111. మన రికార్డు సంఖ్య బైనరీలో 13.6 కోట్ల ఒకట్ల వరస, మధ్యలో ఒక్క సున్నా లేదు. మెమరీలో 17 ఎంబీ. వాట్సాప్‌లో వచ్చే చిన్న వీడియో అంత.

అన్నీ ఒకట్లే కావడం ఒట్టి అందం కాదు, పెద్ద సౌకర్యం. చిన్నప్పుడు 9తో భాగిస్తే శేషం ఎంతో అంకెలు కూడి చెప్పేవాళ్లం కదా? 999తో కూడా అదే ట్రిక్. 12345ని 999తో భాగిస్తే శేషం కావాలంటే 12, 345 అని రెండు ముక్కలు చేసి కూడితే చాలు, 357. భాగహారం చేయనక్కర్లేదు. బైనరీలో అన్నీ ఒకట్లున్న సంఖ్యకు కూడా ఇదే వర్తిస్తుంది. కంప్యూటర్‌కి భాగహారం అంటే ఖరీదైన పని, అది కాస్తా కూడికగా మారిపోతుంది. అతి పెద్ద ప్రధాన సంఖ్యల లిస్టులో పై వరసలు ఎక్కువగా మెర్సెన్‌లవే కావడానికి కారణాల్లో ఇదొకటి. ఇంకో కారణం, వాటికి మాత్రమే పనికొచ్చే ఒక చక్కటి పరీక్ష.

దాని పేరు లూకాస్–లెమర్ పరీక్ష. 4తో మొదలెట్టండి. దాన్ని వర్గం చేసి 2 తీసేయండి. వచ్చినదాన్ని మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోండి. మళ్లీ వర్గం, మళ్లీ 2 తీసివేత, మళ్లీ శేషం. ఇలా p − 2 సార్లు. చివరికి సున్నా వస్తే ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. మధ్యే మార్గం లేదు.

127తో చేసి చూద్దాం, p ఇక్కడ 7 కాబట్టి ఐదు సార్లు. 4 నుంచి 14. తర్వాత 14 వర్గం 196, రెండు తీస్తే 194, శేషం 67. తర్వాత 42. తర్వాత 111. చివరిది 111 వర్గం 12321, రెండు తీస్తే 12319, అది కరెక్టుగా 127 × 97. శేషం సున్నా. 127 ప్రధాన సంఖ్య. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి చూసుకోండి.

ఇప్పుడు అసలు పాయింట్. మధ్యలో 67 దగ్గర మెమరీలో ఒక్క బిట్ తిరగబడింది అనుకుందాం. 67 బైనరీలో 1000011. చివరి 1 సున్నా అయింది, 1000010, అంటే 66. ఒకటే తేడా. అక్కడ నుంచి ఏమవుతుందో చూడండి: 42 రావాల్సిన చోట 36 వస్తుంది. 111 రావాల్సిన చోట 24. సున్నా రావాల్సిన చోట 66. రెండు అడుగుల్లోనే దారి పూర్తిగా తప్పిపోయింది, 127 ప్రధాన సంఖ్య కాదని తేలింది. చిన్న తప్పు చిన్నదిగా మిగలలేదు.

గేమ్‌లో ఒక పిక్సెల్ రంగు తప్పితే మీకు తెలీదు. పాటలో ఒక శాంపిల్ తప్పినా వినపడదు. వీడియో కాల్‌లో ఒక ఫ్రేమ్ పోతే నెట్ స్లో అనుకుంటాం. ఈ లెక్కలో అలా కుదరదు. రికార్డు సంఖ్యకు ఈ వర్గం చేసే పని 13.6 కోట్ల సార్లు జరగాలి, ప్రతిసారీ నాలుగు కోట్ల అంకెల సంఖ్యను దానితోనే గుణించాలి. అంత పొడుగు గొలుసులో ఎక్కడో ఒక్క లింకు తప్పితే చివరి జవాబు చెత్త. జింప్స్ వాళ్ల పాత లెక్కల్లో, ఏ ఎర్రర్ మెసేజీ రాకుండా పూర్తయిన పరీక్షల్లో కూడా నూటికి ఒకటో రెండో తప్పు జవాబులు ఉండేవి. అందుకే ఒకరి మెషిన్ ఇచ్చిన జవాబును ఇంకో మెషిన్‌లో మళ్లీ చేసి చూసేవాళ్లు. 2017లో రాబర్ట్ గెర్బిచ్ అనే ఆయన దారిలోనే తప్పు పట్టేసే ఒక పద్ధతి కనిపెట్టాక ఆ బాధ చాలా తగ్గింది. ఇప్పుడు ఎక్కువ వాడే పరీక్ష లూకాస్–లెమర్ కాదు, దానికి దగ్గరి చుట్టం లాంటిది ఒకటి. అందులో మధ్య మధ్యలో చెక్ పెట్టుకుని, తప్పు జరిగితే చివరి మంచి జవాబు దగ్గరికి వెనక్కి వెళ్తారు. డ్యురాంట్ సంఖ్య మొదట దొరికింది ఇలాగే. లూకాస్–లెమర్ తర్వాత ధ్రువీకరణకి వాడారు.

ప్రధాన సంఖ్యల లెక్కలు హార్డ్‌వేర్ తప్పుల్ని బయటపెట్టడం కొత్త కాదు. 1994లో అమెరికాలోని వర్జీనియాలో థామస్ నైస్లీ అనే లెక్కల ప్రొఫెసర్ కవల ప్రధాన సంఖ్యల మీద పని చేస్తున్నారు, అంటే 11, 13 లాగా రెండే తేడాతో ఉండే జంటలు. 824633702441, 824633702443 అనే జంట దగ్గర ఆయన జవాబు కాస్త తేడాగా వచ్చింది. తన ప్రోగ్రామ్, కంపైలర్, మదర్‌బోర్డు అన్నీ ఒక్కొక్కటిగా అనుమానించి, చివరికి తప్పు ఇంటెల్ పెంటియమ్ చిప్‌లోనే ఉందని తేల్చారు. భాగహారం చేసే సర్క్యూట్‌లో లోపం. ఇంటెల్‌కి ఆ చిప్పులు మార్చి ఇవ్వడానికి పెట్టిన ఖర్చు 47.5 కోట్ల డాలర్లు. కొన్ని లక్షల మంది ఎక్సెల్ షీట్లు వేసుకుంటూ, గేములాడుకుంటూ ఆ చిప్ వాడారు, ఎవరికీ కనపడలేదు. ప్రధాన సంఖ్యలు వెతికేవాడికి కనపడింది.

2016 జనవరిలో ఇంకోటి. ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్లు ప్రైమ్95లో ఒక రకం సైజు లెక్క దగ్గర హ్యాంగ్ అవుతున్నాయని యూజర్లు పట్టుకున్నారు. ఇంటెల్ ఒప్పుకుని బయాస్ అప్‌డేట్ ఇచ్చింది. ఇక్కడ వేడి సమస్య కాదు, ఓవర్‌క్లాక్ సమస్య కాదు. చిప్ డిజైన్‌లోనే తేడా. అంతకు ముందు ఎన్ని వేల రివ్యూలు వచ్చుంటాయో ఆలోచించండి.

సరే, ఇక మన ఎండల సంగతి.

ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడండి అని ఆపిల్ తనే రాసి పెట్టింది. మ్యాక్‌బుక్‌కి 10 నుంచి 35. అంటే కర్నూలు వేసవి మధ్యాహ్నం కంపెనీ గీసిన గీతకి అవతల ఉంది. ఆ మాట డబ్బా మీద పెద్దక్షరాలతో రాసి కడపలో అమ్మితే ఎలా ఉంటుందో కానీ, ఎవరూ అలా రాయరు. 35 దాటితే పాడైపోతుందని కాదు, 35 దాటాక మా పూచీ లేదని.

వేడి వల్ల ఏం జరుగుతుందో కాస్త లెక్కగా చూద్దాం. చిప్ లోపల 100 డిగ్రీల దగ్గర ఆగాలి అనుకుంటే, 25 డిగ్రీల రూములో కూలర్‌కి దొరికే తేడా 75 డిగ్రీలు. 40 డిగ్రీల రూములో 60 డిగ్రీలే. బయటికి పంపగలిగే వేడి సుమారుగా ఈ తేడాని బట్టే ఉంటుంది కాబట్టి, ఏసీ రూములో 45 వాట్లు తట్టుకున్న కూలర్ ఇక్కడ 36 దగ్గర చేతులెత్తేస్తుంది. ప్రాసెసర్ అప్పుడు తన స్పీడ్ తగ్గించుకుంటుంది, దీన్నే థ్రాట్లింగ్ అంటాం. రివ్యూల్లో దీన్నే పెద్ద నేరంలాగా చూపిస్తారు.

నా దృష్టిలో థ్రాట్లింగ్ నేరం కాదు, నిజాయితీ. నా వల్ల ఇంతే అవుతుంది అని చెప్పి, నిదానంగానైనా సరైన జవాబు ఇచ్చే చిప్ మంచిదే. భయపడాల్సింది స్పీడ్ తగ్గకుండా తప్పు జవాబు ఇచ్చే మెషిన్‌కి. సీపీయూకి తనని తాను కాపాడుకునే సెన్సర్లు బోలెడు. పక్కనే ఉన్న ర్యామ్‌కి అంత భోగం లేదు. ర్యామ్‌లో ప్రతి బిట్ ఒక చిన్న కెపాసిటర్‌లో ఉండే చార్జ్. ఓటి కుండలో నీళ్లలాగా అది కారిపోతూ ఉంటుంది, అందుకే ప్రతి 64 మిల్లీసెకన్లకీ మళ్లీ నింపాలి. ర్యామ్ చిప్ 85 డిగ్రీలు దాటితే కారడం ఎక్కువై, 32 మిల్లీసెకన్లకే నింపాలని స్టాండర్డ్ చెబుతుంది. పల్చటి లాప్‌టాప్‌లో ర్యామ్ సీపీయూ పక్కనే, దాని వేడిలోనే ఉడుకుతూ ఉంటుంది. సర్వర్లలో బిట్ తప్పితే సరిచేసే ఈసీసీ మెమరీ ఉంటుంది, మనం కొనే స్టూడెంట్ లాప్‌టాపుల్లో అది ఉండదు. అందులోనూ తర్వాత ఎవరి చేతో ర్యామ్ స్టిక్ మార్పించి ఉంటే అనుమానం ఇంకాస్త ఎక్కువే పడాలి.

తప్పు జరిగితే మనకెలా తెలుస్తుంది? తెలియదు, అదే సమస్య. జిప్ ఫైల్ ఓపెన్ కాదు, డౌన్‌లోడ్ సరిగ్గా కాలేదు అనుకుంటాం. కంపైల్ చేస్తుంటే ఒకసారి ఎర్రర్, మళ్లీ నొక్కితే రాదు. బ్లూ స్క్రీన్ వస్తే విండోస్‌ని తిడతాం. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో, కర్నూలు జగన్నాథగట్టు మీది ట్రిపుల్ ఐటీలోనో చదివే పిల్లలకి లాప్‌టాప్ అంటే షోకు కాదు. నాలుగేళ్ల చదువు అందులోనే. ఇంట్లోవాళ్లు వేరుశనగ పంట డబ్బుతో కొనిచ్చిన మెషిన్ రాత్రంతా నడిపిన ప్రాజెక్టులో నిశ్శబ్దంగా ఒక అంకె మార్చేస్తే, తప్పు తన కోడ్‌లో ఉందనుకుని వారం రోజులు వెతుక్కునేది వాడే.

దీనికి వచ్చే ఎదురు వాదనలు తెలుసు. రోజువారీ వాడకంలో ఎవరు ప్రైమ్95 నడుపుతారు, ఇది అన్యాయమైన లోడ్ కదా అంటారు. హీటర్‌లాగా చూస్తే అన్యాయమే, అందులోని స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ మోడ్ చిప్‌లోని వెక్టర్ సర్క్యూట్లను పిండేస్తుంది, ఏ యాప్ కూడా అంత పిండదు. అరగంట గ్రాఫ్ కోసం అదొక్కటే నడపడం నాకూ ఇష్టం లేదు. కానీ తప్పు జవాబుకి అన్యాయమైన లోడ్ అంటూ ఉండదు. ఎంత కష్టమైన లెక్క ఇచ్చినా చిప్ నిదానించాలి, లేదా ఆగిపోవాలి. అబద్ధం చెప్పకూడదు.

ఇంకో వాదన, ఈ పెద్ద ప్రధాన సంఖ్యల వల్ల ఉపయోగం ఏంటి, కరెంటు దండగ అని. ఇందులో సగం నిజం ఉంది. 'కొత్త ప్రధాన సంఖ్య దొరికింది, ఇక మీ బ్యాంక్ అకౌంట్ సేఫ్' అని కొన్ని వీడియోలు చెబుతుంటాయి, నమ్మకండి. మీ ఫోన్‌లో బ్యాంకింగ్ యాప్ వాడే ప్రధాన సంఖ్యలు వందల అంకెలవే. ఆర్ఎస్ఏ 2048 కీలో రెండు ప్రధాన సంఖ్యలుంటాయి, ఒక్కోటి సుమారు 308 అంకెలు. అవి రహస్యంగా ఉండాలి. ప్రపంచమంతా పేపర్లో చదివిన నాలుగు కోట్ల అంకెల సంఖ్య తాళంచెవిగా దేనికీ పనికిరాదు. 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1 వల్ల ఎవరికీ కడుపు నిండదు. కానీ దాన్ని వెతికే పని మనకి ఒక కొలబద్ద ఇచ్చింది: ముందే జవాబు తెలిసిన, ఒక్క బిట్ తప్పినా దొరికిపోయే లెక్క. అరగంట టెస్టుకి అయ్యే కరెంటు దానికి ఎక్కువేం కాదు. వేలంపాటలాగా రికార్డుల కోసం జీపీయూలు అద్దెకు తీసుకోవడం వేరే విషయం, దాని మీద ఇంకోసారి కొట్లాడుకుందాం.

మరి ఎలా చేయాలి? ప్రైమ్95 ఉచితం. తెరిచి టార్చర్ టెస్ట్‌లో బ్లెండ్ ఎంచుకోండి, అది సీపీయూతో పాటు ర్యామ్‌ని కూడా తడుముతుంది. స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ కాదు. చార్జర్ పెట్టి, మీరు రోజూ వాడే రూములో, రోజూ వాడే చోటే పెట్టండి. మంచం మీద దుప్పటిలో వాడే అలవాటుంటే ముందు అది మానండి. కడప బండ పరిచిన నేల మీద పెట్టి టెస్ట్ చేసి బాగుందనుకోవద్దు, ఆ నల్ల బండ అడుగు నుంచి వేడిని లాగేసి మీ లాప్‌టాప్‌కి లేని మార్కులు వేయిస్తుంది. (రోజువారీ వాడకానికి మాత్రం ఆ బండని మించిన కూలింగ్ ప్యాడ్ లేదు. అడుగున గాలి పీల్చే రంధ్రాలు మూసుకుపోకుండా రెండు చెక్కముక్కలు పెట్టండి.) గోడకి ఒక థర్మామీటర్ తగిలించి రూము వేడి రాసుకోండి. మొదటిసారి గంట చాలు, తర్వాత వీలైతే ఒక రాత్రంతా. కరెంటు పోయి బ్యాటరీ మీదకి మారితే క్లాక్ మారుతుంది, అది కూడా రాసుకోండి. అన్ని వర్కర్లూ ఎర్రర్ లేకుండా పూర్తి చేస్తే మంచిది. ఒక్క రౌండింగ్ ఎర్రర్ వచ్చినా, ఒక్క వర్కర్ ఆగిపోయినా, అది 'అప్పుడప్పుడూ మామూలే' కాదు. ముందు ర్యామ్ తీసి మళ్లీ పెట్టించండి, బయాస్ అప్‌డేట్ చేయండి, అండర్‌వోల్ట్ చేసి ఉంటే తీసేయండి. అయినా వస్తే, వారంటీలో ఉంటే స్క్రీన్‌షాట్‌తో సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి. 'వేడి కదా సార్, వాడకండి' అంటే ఊరుకోవద్దు. వేడెక్కితే నిదానించాలి, తప్పకూడదు.

ఫోన్లలో ప్రైమ్95 నడవదు. ఏఆర్ఎమ్ ప్రాసెసర్లకు ఎమ్‌లూకాస్ అనే ప్రోగ్రామ్ ఉంది, అది కమాండ్ లైన్ మీద కంపైల్ చేసుకునేవాళ్లకే. మామూలు యూజర్‌కి సిఫార్సు చేయను, పైగా 40 డిగ్రీల రూములో ఫోన్‌ని గంటసేపు అలా కాలిస్తే బ్యాటరీకి మంచిది కాదు.

ఇక రివ్యూలు రాసేవాళ్లని, మా సైట్‌ని కూడా కలుపుకుని, ఒకటే అడుగుతున్నా. స్పెక్స్ టేబుల్ కింద రెండు వరసలు చేర్చండి: టెస్ట్ చేసిన రూము ఉష్ణోగ్రత, లెక్క తప్పిందా లేదా. ఏప్రిల్, మే నెలల్లో వచ్చే రివ్యూలు ఏసీ ఆపి ఒక్కసారైనా చేయండి. ఏసీ రూమే అలవాటైన బెంగళూరు, హైదరాబాద్ వాళ్లకి అది కష్టమైతే, లోన్ యూనిట్లు మాకు పంపండి. మా దగ్గర హీట్ చాంబర్ అక్కర్లేదు, కిటికీ తీస్తే చాలు.